ఒకే ఇంట్లో ఇద్దరు గోల్‌కీపర్లు

కింది గదిలోంచి నిన్న సాయంత్రం మొదలు ఒక్క చప్పుడూ రాలేదు.

మెట్ల దాకా వెళ్ళడం, చెవి ఒగ్గి వినడం, వెనక్కి రావడం. తెల్లారిన దగ్గర్నుంచీ మార్లాకి ఇదే పనైపోయింది.

"అలా తిరక్కమ్మా. నిన్ను చూస్తుంటే నాకు కడుపులో తిప్పుతోంది," అంది కూతురు డానికా. ఆమె ముందున్న పళ్ళెంలో రొట్టె ముక్క తినకుండానే పొడి పొడి అయిపోయింది.

గ్లెన్ వాకిట్లో మంచు ఎత్తిపోసి, బూట్లు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. "తిప్పదూ మరి, ఖాళీ కడుపుతో కూర్చుంటే! మధ్యాహ్నం దాటగానే బస్సు కదులుతుంది. రెండు గుడ్లు వేసిపెట్టనా?"

"వద్దు. నేను వెళ్ళడం లేదు."

"ఎక్కడికి?"

"ఆటకి. ఈరోజు నేను ఆడను నాన్నా."

గ్లెన్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు ఆడకపోతే గోల్లో ఎవరు నిలబడతారు? నేనా? నా అవతారం చూసి హాకీ బిళ్ళ దానంతటదే భయపడి వెనక్కి పోతుందనా?"

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే ఇద్దరు ఆడపిల్లలూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఒకతి ఇక్కడ తల వంచుకుని కూర్చుంది. రెండోది రేలిన్, కింద చీకట్లో పడుకుని ఉంది.

రేలిన్‌ది కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఉత్తరాన సరస్సుల మధ్య ఊరు. అక్కడ ఆడపిల్లలకి ఐస్ హాకీ జట్టు లేదు. ప్రెయిరీ ఎలైట్ లీగ్‌లో ఆడాలంటే సస్కాచెవాన్ దక్షిణానికి దిగి రావాలి, శీతాకాలమంతా ఎవరో ఒకరి ఇంట్లో ఉండాలి. మా ఇంట్లో కింది గది ఖాళీగా ఉంది, ఆ పిల్లని మా దగ్గరికి పంపండని మార్లాయే చెప్పింది. వచ్చే పిల్ల కూడా తన కూతురిలాగే గోల్‌కీపరని అప్పటికి ఆమెకి తెలియదు. తెలిశాక కూడా ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేదు. క్రిస్మస్ నాటికి గోల్లో రేలిన్, బెంచీ మీద డానికా. అయినా ఇంట్లో ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని సినిమాలు చూసేవాళ్ళు.

నిన్నటిదాకా.

నిన్న డానికా కోచ్ రోండా గది తలుపు కొట్టి, రేలిన్ తలకి దెబ్బ తగిలిన సంగతి చెప్పేసింది. సాధనలో బిళ్ళ వచ్చి హెల్మెట్ ముసుగు మీద కణత దగ్గర తగిలిందని, అప్పట్నుంచీ వాంతులని, వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుంటోందని, అవన్నీ దాచిపెట్టి ఆడుతోందని. కోచ్ అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మెదడు అదిరిందన్నాడాయన. ఈ ఏడాదికి మంచు మీద కాలు పెట్టకూడదన్నాడు. నొప్పులు తగ్గేదాకా దూర ప్రయాణం కూడా కూడదన్నాడు. సరిగ్గా ఈ సాయంత్రమే ప్లేఆఫ్ మొదటి ఆట.

"చూడు తల్లీ," గ్లెన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నువ్వు తప్పు చెయ్యలేదు. ఆ తలకి ఇంకో దెబ్బ తగిలుంటే ఏమై ఉండేదో డాక్టరు చెప్పాడు కదా. తప్పు చెయ్యనిదానికి నీకు నువ్వే శిక్ష వేసుకుంటావేం?"

"తప్పు కాదని నీకెలా తెలుసు?"

"అదేం ప్రశ్న?"

"తలుపు కొట్టినప్పుడు నా మనసులో ఏముందో నాకే తెలీదు నాన్నా. దాని కోసం చెప్పానా, నా కోసం చెప్పానా?" డానికా పళ్ళెం పక్కకి నెట్టింది. "లోపలికి వెళ్ళేముందు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. బయటికొచ్చాక... బయటికొచ్చాక రేపు గోల్లో నేనే కదా అనిపించింది. ఒక్క క్షణమే. కానీ అనిపించింది."

గ్లెన్ బల్ల మీది టోపీ తీసి అటూ ఇటూ తిప్పాడు. కూతురు గోల్లో నిలబడుతుందనగానే తన మనసు కూడా ఒక్కసారి ఎగిరి గంతేసింది. ఆ మాట ఇప్పుడు ఎలా చెప్తాడు?

"మార్లా, నువ్వైనా ఏదో ఒకటి చెప్పవేం?"

మార్లా పొయ్యి వైపు తిరిగింది. "సూపు వేడిచేసి ఆ పిల్లకి పట్టుకెళ్తాను."

"అమ్మనెందుకు అడుగుతావు నాన్నా?" అంది డానికా, తల్లి వీపు కేసి చూస్తూ. "అమ్మ ఏమీ చెప్పదు. చెప్పాల్సినప్పుడు కూడా చెప్పదు."

మార్లా వెనక్కి తిరగలేదు. సూపు మరిగి పొంగి పొయ్యి మీద పడేదాకా గరిటె తిప్పుతూనే ఉంది.

* * *

కింద ఇద్దరి ఆట సామానూ పక్కపక్కనే ఆరేసి ఉంది. చెమట, తోలు కలిసిన వాసన. ఆ వాసనకి మార్లా ఎప్పుడూ ముక్కు మూసుకునేది. ఇవాళ పట్టించుకోలేదు.

గదిలో కిటికీకి దుప్పటి అడ్డం కట్టి ఉంది. రేలిన్ ఉన్ని టోపీ కళ్ళ మీదకి లాక్కుని పడుకుంది.

"నువ్వేనా ఆంటీ? అడుగుల చప్పుడుని బట్టే అనుకున్నా. గ్లెన్ అంకులైతే ఇల్లు కూలుతోందేమో అనిపిస్తుంది."

"లేచి రెండు చెంచాలు తాగు."

"కాస్త దూరంగా పెట్టు. వాసన పడట్లేదు." టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంటూ అడిగింది. "మా అమ్మ బయల్దేరిందా?"

"చీకటితోనే బయల్దేరిందట. దార్లోంచి ఫోన్ చేసింది."

"అరిచిందా?"

"లేదు. మెల్లగా మాట్లాడింది."

"అయితే చాలా కోపంగా ఉంది."

మార్లా మంచం అంచున కూర్చుంది. దుప్పటి సర్దింది. సర్దిన చోటే మళ్ళీ సర్దింది.

"డానికాని పిలవనా? పొద్దున్నుంచీ అది ఏమీ తినలేదు."

"వద్దు." రేలిన్ గోడ వైపు తిరిగింది. "నేను దానికొక్కదానికే చెప్పాను ఆంటీ. ప్లేఆఫ్ అయ్యేదాకా ఆగు, తర్వాత నేనే డాక్టరు దగ్గరికి వెళ్తానని బతిమాలాను. చెప్పనని ఒట్టేసింది. యూనివర్సిటీల వాళ్ళు ఈ ఆటలకే వస్తారు. మా ఊరికి ఎవరొస్తారు నన్ను చూడ్డానికి? ఎలుగుబంట్లొస్తాయి."

"నీ మంచికేనమ్మా అది చెప్పింది. చెప్పకపోయి ఉంటే..."

"నువ్వు చెప్పలేదుగా."

మార్లా చెయ్యి దుప్పటి మీదే ఆగిపోయింది.

"ఆ రోజు బాత్రూంలో నేను వాంతి చేసుకుంటుంటే నువ్వే కదా నా జుట్టు ఎత్తిపట్టుకున్నావు? జ్వరమా అన్నావు. జ్వరమేనన్నాను. అప్పుడు నువ్వు నా మొహంలోకి చూశావు. జ్వరం కాదని నీకు తెలుసు. అయినా ఏమీ అనలేదు." రేలిన్ గొంతులో నిందేమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్తోంది. "ఇంట్లో నువ్వొక్కదానివే నా వైపు అనుకున్నాను."

మార్లా సూపు గిన్నె ఇంకాస్త దూరంగా జరిపింది.

ఆ మర్నాడే డానికా కూడా వచ్చి, "అమ్మా, రేలిన్‌కి బాగాలేదు, నువ్వు కోచ్‌కి చెప్పు," అని వెంటపడింది. మార్లా ఏమంది? వాళ్ళమ్మ ఉంది, కోచ్ ఉంది, మనమెందుకు వేలు పెట్టడం అంది. సొంత కూతుర్ని గోల్లో నిలబెట్టుకోవడానికి పరాయి పిల్లని దింపేసిందని స్టాండ్స్‌లో కూర్చున్న ప్రతి తల్లీ అనుకుంటుందంది. అక్కడికీ నేను కనిపెట్టి చూస్తూనే ఉంటానులే అని కూడా అంది. కనిపెట్టి చూడ్డమంటే పిల్ల తాగే నీళ్ళ సీసా నింపడం, గదిలో దీపం తగ్గించడం. అంతకన్నా ఏమీ చెయ్యలేదు.

తల్లి చెయ్యాల్సిన పని చివరికి కూతురు చేసింది. తల్లి పడాల్సిన నింద కూతురు పడుతోంది.

"నీకు తెలుసని మా అమ్మకి చెప్పకు ఆంటీ," అంది రేలిన్.

* * *

రేలిన్ తల్లి వెర్నా వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది. పొట్టిగా, దిట్టంగా ఉన్న మనిషి. రాత్రి సరిగా నిద్ర లేదని కళ్ళే చెప్తున్నాయి. గుమ్మం దగ్గర ఆగి, బూట్లు ఎక్కడ విప్పమంటారని అడిగింది. చేతిలో గుడ్డలో చుట్టిన బానక్ రొట్టె మార్లాకి అందించింది.

"నిన్న కాల్చింది. దారిలో గట్టిపడి ఉంటుంది. ఉత్త చేతుల్తో రాలేక తెచ్చాను."

ఇంత కోపంలోనూ ఈ మర్యాద మార్లాని ఇంకా కుంగదీసింది.

వెర్నా కిందికి వెళ్ళింది. పైన ముగ్గురూ మెట్ల వైపే చూస్తూ కూర్చున్నారు. కింద నుంచి మాటలు వినపడలేదు. ఏడుపూ వినపడలేదు. ఆమె తిరిగి పైకొచ్చినప్పుడు కళ్ళు పొడిగానే ఉన్నాయి. కుర్చీలో కూలబడి, మార్లా ఇచ్చిన టీ రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వేనా డానికా అంటే?"

"అవునండీ."

"ఫోన్ చేసినప్పుడల్లా నీ పేరే. డానికా ఇలా అంది, డానికా అలా నవ్వించింది. ఎప్పుడో నీతో పోట్లాడిందట, నువ్వే ముందొచ్చి పలకరించావట. అదీ చెప్పింది." టీ తాగకుండానే కప్పు కింద పెట్టింది. "ఆటలు చూడ్డానికి యూనివర్సిటీల వాళ్ళు వస్తున్నారట కదా?"

"వస్తున్నారు."

"అయితే వాళ్ళిప్పుడు నిన్ను చూస్తారు."

డానికా తల వంచుకుంది.

"కోరుకున్నది దక్కింది కదమ్మా. బాగా ఆడు."

"వెర్నా గారూ!" గ్లెన్ లేచాడు. "మా అమ్మాయిని అలా అనకండి. అది చెప్పబట్టే ఈరోజు మీ అమ్మాయి..."

"తెలుసు." వెర్నా చెయ్యెత్తి ఆపింది. "ఆ సంగతి డాక్టరూ చెప్పాడు. మీ అమ్మాయికి జీవితాంతం రుణపడి ఉండాలని తెలుసు. దార్లో పొడుగునా అదే అనుకుంటూ వచ్చాను. మీ ఇంటికి రాగానే ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలి, తల నిమరాలి అని. తీరా మొహం చూడగానే కోపం తన్నుకొచ్చింది. ఏం చెయ్యమంటారు నన్ను?"

గ్లెన్ మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

వెర్నా మార్లా వైపు తిరిగింది. "మిమ్మల్ని ఒకటడగాలి. ఏమీ అనుకోకండి. ఇల్లు ఒకటే, బాత్రూం ఒకటే. పిల్ల తినేది, తిననిది మీకు తెలుస్తుంది కదా. మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

మార్లా రొట్టె చుట్టిన గుడ్డ అంచు సరిచేసింది.

డానికా తల్లిని చూసింది. చెప్పమ్మా అన్నట్టు కాదు. చెప్తావా లేదా చూద్దామన్నట్టు.

"నాకు..." అంది మార్లా.

"ఆంటీకి తెలీదు."

అందరూ తిరిగి చూశారు. రేలిన్ మెట్ల పైమెట్టు మీద, గోడ పట్టుకుని నిలబడి ఉంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. పాలిపోయిన మొహం.

"ఆంటీకి ఏమీ తెలీదమ్మా. వాంతి వచ్చినప్పుడల్లా కుళాయి తిప్పేసేదాన్ని, వినపడకుండా. తిండి చెత్తబుట్టలో పారేసి తిన్నానని చెప్పేదాన్ని. ఆంటీ పాపం నాకిష్టమని రోజూ బంగాళాదుంప పెరోగీలు చేసేది."

అంత పూసగుచ్చినట్టు చెప్తే ఎవరైనా నమ్మాల్సిందే. వెర్నా నమ్మింది. మార్లా చేతిమీద చెయ్యి వేసి, "ఏమీ అనుకోకండి," అంది.

ఇప్పుడు చెప్పాలి. ఈ క్షణమే చెప్పాలి. మార్లా ఇంకో కప్పు టీ పొయ్యడానికి లేచింది.

డానికా లేచింది. గుమ్మం పక్కనున్న తన పెద్ద సంచీ భుజానికెత్తుకుంది.

"పద నాన్నా. బస్సుకి టైమవుతోంది."

"ఆడనన్నావు కదే?"

"ఆడతాను. అక్కడైతే కనీసం నా మీదకి ఏం వస్తోందో కనిపిస్తుంది."

రేలిన్ పక్కనుంచి దాటుతూ ఆగింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు.

"ఆ జట్టులో ఎర్ర జడల పిల్ల ఉంది చూడు," అంది రేలిన్, నేల చూపులు చూస్తూనే. "ఎడమవైపు చూసి కుడివైపు కొడుతుంది. దాని కళ్ళు చూడకు."

డానికా తలూపింది. తలుపు తీయగానే చలి గుప్పున లోపలికి వచ్చింది. తండ్రీ కూతుళ్ళు వెళ్ళిపోయారు.

* * *

వెర్నా కూడా ఆట్టే సేపు ఉండలేకపోయింది. ఆమెది గనిలో వంటపని. రేపు పొద్దున్నే మనుషుల్ని గనికి తీసుకెళ్ళే విమానం ఎక్కాలి. ఎక్కకపోతే ఆ చోటికి ఇంకొకరొస్తారు.

"ఇంటికి తీసుకుపోదామని వచ్చాను," అంది కోటు తొడుక్కుంటూ. "అంతదూరం ఆ గతుకుల రోడ్డు మీద వద్దన్నాడు డాక్టరు. తీసుకెళ్ళినా నేను గనిలో ఉంటే అక్కడ దాన్ని చూసేదెవరు? మీ ఇల్లుంది కాబట్టి సరిపోయింది. నా పిల్లని మీ చేతుల్లో పెడుతున్నాను."

మార్లా తలూపింది. ఎలా ఊపిందో ఆమెకే తెలియదు.

వెర్నా కూతుర్ని పొదువుకుని, నుదుటికి నుదురు ఆనించి, ఏదో గొణిగి బయటికి నడిచింది. మార్లా వెనకే వెళ్ళింది. మంచు మీద ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయి. వెర్నా ట్రక్కు ఎక్కి ఇంజను వేసింది. అద్దం మీద పేరుకున్న మంచు కరిగేదాకా ఆగింది.

ఇంకాసేపు ఆగితే వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే ఇక ఈ మాట ఎప్పటికీ చెప్పక్కర్లేదు. ఆ ఆలోచన రాగానే మార్లాకి తన మీద తనకే రోత పుట్టింది.

ఆమె వెళ్ళి పక్క అద్దం మీద తట్టింది. వెర్నా దించింది.

"వెర్నా, నేను మీకు అబద్ధం చెప్పాను."

"మీరేం చెప్పలేదే?"

"అదే. ఏమీ చెప్పలేదు." మార్లా అద్దం అంచు పట్టుకుంది. "నాకు తెలుసు. మొదట్నుంచీ తెలుసు. వాంతి చేసుకుంటుంటే చూశాను. డానికా కూడా వచ్చి నాతోనే ముందు చెప్పింది. కోచ్‌కి చెప్పమని బతిమాలింది. నేను చెప్పలేదు."

వెర్నా ఇంజను ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో మంచు ఎత్తిపోస్తున్న పార చప్పుడు వినిపించింది.

"ఎందుకు చెప్పలేదు?"

"నా కూతురి కోసం చేశాననుకుంటారని. నలుగురూ ఏమంటారోనని."

"నలుగురూ," అంది వెర్నా. నవ్వబోయినట్టు పెదవి వంగింది గానీ నవ్వు కాదది. "నా పిల్ల తల కంటే ఆ నలుగురి నోళ్ళు ఎక్కువయ్యాయా నీకు?"

అప్పటిదాకా మీరు మీరు అన్న మనిషి. మార్లాకి ఆ 'నీకు' చెంప మీద కొట్టినట్టే తగిలింది. అది తనకి రావాల్సిందే.

"ఇందాక నీ కూతుర్ని నేను అన్ని మాటలంటుంటే, చూస్తూ కూర్చున్నావు."

"కూర్చున్నాను."

"నీ కడుపున పుట్టిన పిల్లనే కాపాడలేదు నువ్వు. నా పిల్లనేం కాపాడతావు? దాన్ని నీ దగ్గర వదలను." వెర్నా తలుపు తెరవబోయి, పిడి మీద చెయ్యి వేసి ఆగిపోయింది. "వదలను," అంది మళ్ళీ, ఈసారి మెల్లగా.

ఎక్కడికి తీసుకెళ్తుంది? ఆమె చూపు రోడ్డు మీదకి పోయింది. అటు ఉత్తరం. పొద్దున్నంతా నడిపొచ్చిన దారి. అక్కడ తాళం వేసిన ఇల్లు. ఇటు ఈ ఊళ్ళో ఆమెకి తెలిసిన గుమ్మం ఇదొక్కటే. చేతులు రెండూ స్టీరింగు మీద పెట్టి, కదలకుండా కూర్చుంది. మార్లా పక్కన నిలబడింది. కోటు వేసుకోకుండా వచ్చిన సంగతి ఇప్పుడు తెలుస్తోంది. అయినా లోపలికి వెళ్ళలేదు.

వెనక ఇంటి తలుపు తెరుచుకుంది.

రేలిన్ మేజోళ్ళతోనే గడప మీద నిలబడింది. నల్ల కళ్ళద్దాలున్నా, ఎండకి ఓర్చుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకుంది. మార్లా ఓరగా వదిలేసిన తలుపు, అద్దం దించిన ట్రక్కు, గాలి లేని మధ్యాహ్నం. మాటలన్నీ వినే ఉంటుంది.

"ఎందుకు చెప్పావు ఆంటీ?"

"నిజం చెప్పాలి కదమ్మా," అంది మార్లా. "నా కోసం నువ్వు అబద్ధమాడడం..."

"నీ కోసమా?" ఆ పిల్ల మొహంలో మొదటిసారి ఏడుపు కదిలింది. "మంచు మీదకి పోకూడదు. మా ఊరికి పోకూడదు. మిగిలింది ఆ కింది గదొక్కటే. అది పోకుండా ఉండడానికి చెప్పాను ఆంటీ, నీ కోసం కాదు."

తల్లిని చూసింది. మార్లాని చూసింది. చెయ్యి దించేసి, ఎండ కళ్ళల్లో పడుతున్నా అలాగే నిలబడింది.

"ఇప్పుడు నేనెక్కడుండాలి?"